శ్వాస వ్యవస్థ ఎలా పనిచేస్తుంది? ఆక్సిజన్ తగ్గిపోతున్నా శరీరం ఎందుకు పసిగట్టలేకపోతుంది?

ఊపిరి బిగపట్టి ఎంతసేపు ఉండగలరు? చాలామందికి నిమిషం తిరగకముందే గుండెల మీద బరువు పెట్టినట్లు ఉంటుంది. డొక్కలు వాటంతటవే ఎగిరిపడతాయి. ఇక ఆపుకోలేక నోరు తెరిచి గాలి లాగేసుకుంటారు. ఒంట్లో ఆక్సిజన్ అయిపోయింది కాబట్టే అలా జరిగిందని అనుకుంటారు.

కానీ ఆ క్షణంలో వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే, ఆరోగ్యవంతుల్లో ఆక్సిజన్ దాదాపు మామూలు స్థాయిలోనే కనిపిస్తుంది. ఊపిరి తీసుకోమని తొందరపెట్టింది ఆక్సిజన్ కొరత కాదు. బయటకు పోయే దారి లేక రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్.

'ఆక్సిజన్ పీల్చుకుంటాం, కార్బన్ డయాక్సైడ్ వదులుతాం' అన్న వాక్యం దగ్గరే చాలామందికి శ్వాస వ్యవస్థ పాఠం ముగిసిపోతుంది. కానీ మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి కేక కూడా వేయకుండా ఎందుకు కుప్పకూలుతాడు, 2021లో కోవిడ్ రోగులు ఫోన్‌లో మాట్లాడుతూనే ప్రాణాపాయ స్థితిలోకి ఎలా జారిపోయారు అన్నవి అర్థం కావాలంటే, ఆ పాఠాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాలి.

గాలి లోపలికి వెళ్లే దారి

పీల్చే గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. వదిలే గాలిలో ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ 4 శాతానికి చేరుతుంది. అంటే లోపలికి వెళ్లిన ఆక్సిజన్‌లో మనం వాడుకునేది పావు వంతే. స్పృహ తప్పిన మనిషికి నోటితో ఊపిరి ఊది ప్రాణం నిలపడం సాధ్యమయ్యేది అందుకే.

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఒక్కోసారి లోపలికి వెళ్లేది సుమారు అర లీటరు. రోజంతా లెక్కేస్తే దాదాపు 10 వేల లీటర్ల గాలి.

ఇంత గాలినీ వేడి చేసి, తడి చేసి, వడగట్టి లోపలికి పంపే పని ముక్కుది. బయట చలికాలం ఉదయం 10 డిగ్రీలున్నా, ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి గాలి ఒంటి వేడికి, అంటే సుమారు 37 డిగ్రీలకు వస్తుంది. నోటితో పీల్చే గాలికి ఈ మర్యాద అంతగా దక్కదు. నిద్రలో నోరు తెరిచి ఊపిరి పీల్చేవారికి తెల్లారేసరికి గొంతు పిడచకట్టుకుపోయేది అందుకే.

ముక్కు దాటాక గాలికి, అన్నానికి కొంతదూరం ఒకటే దారి. మింగేటప్పుడు ఎపిగ్లాటిస్ అనే చిన్న మూత వాయునాళాన్ని కప్పేస్తుంది. (నోరు తెరిస్తే వేలాడుతూ కనిపించే కొండనాలుక వేరు, ఇది వేరు. ఇది నాలుక మొదట్లో, కనిపించనంత లోపల ఉంటుంది.) తింటూ మాట్లాడినప్పుడో, నవ్వినప్పుడో ఆ మూత పడటం క్షణం ఆలస్యమైతే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని ఇంట్లోవాళ్లు నెత్తిమీద తడతారు కానీ, అప్పుడు మనిషిని కాపాడుతున్నది ఆ దగ్గే.

వాయునాళం సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. అది ముడుచుకుపోకుండా 16 నుంచి 20 మృదులాస్థి వలయాలు పట్టి ఉంచుతాయి. కింద అది రెండుగా చీలుతుంది. కుడి వైపు గొట్టం ఎడమ దానికన్నా వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. చిన్నపిల్లలు మింగబోయిన వేరుశెనగ గింజ వాయునాళంలో పడితే ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోకే జారేది ఈ వాలు వల్లే. మూడు, నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు నేరుగా పెట్టొద్దని వైద్యులు చెప్పేదీ ఇందుకే.

అక్కడి నుంచి గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, సుమారు 23 సార్లు. ఈ గొట్టాల గోడల మీద జిగురు పొర, దాని కింద కంటికి కనిపించని నూగు ఉంటాయి. దుమ్ము, సూక్ష్మజీవులు జిగురుకు అంటుకుంటే, నూగు అలలా కదులుతూ ఆ జిగురును గొంతు వైపు నెడుతుంది. గళ్లగా బయటపడేది అదే. పొగాకు పొగ ఈ నూగును మందగింపజేసి, చివరకు రాల్చేస్తుంది. పొద్దున్నే పొగతాగేవారిని పట్టుకునే దగ్గు, ఆ నూగు చేయాల్సిన పనిని ఛాతీ బలంతో చేయాల్సిరావడం.

ఈ వడపోతకు ఒక హద్దు ఉంది. 10 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు చాలావరకు ముక్కు, గొంతుల్లోనే ఆగిపోతాయి. 2.5 మైక్రాన్ల లోపువి, అంటే వెంట్రుక మందంలో పాతికో వంతు కన్నా చిన్నవి, చిట్టచివరి గదుల దాకా వెళ్లిపోతాయి. వాటిలో మరీ సూక్ష్మమైనవి రక్తంలోకీ చేరతాయి. దిల్లీలో నవంబరు పొగమంచు కళ్లను మండిస్తుంది, గొంతును గీరుతుంది కాబట్టి జనానికి తెలుస్తుంది. మిగతా నెలల్లో అంతకన్నా తక్కువ మోతాదులో లోపలికి వెళ్లేదాన్ని మాత్రం శరీరం గుర్తించదు.

పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. భారత్ ప్రమాణం 40. అంటే ఇక్కడ 'పరిమితి లోపలే ఉంది' అన్న నగరం కూడా ఆ సూచనకు ఎనిమిది రెట్ల దూరంలో ఉండొచ్చు. 2019లో దేశంలో 16.7 లక్షల మరణాలకు వాయు కాలుష్యంతో సంబంధం ఉందని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

తిత్తి తనంతట తాను కదలదు

ఊపిరితిత్తి అన్న మాటలోనే దాని పని తీరు ఉంది. కొలిమి దగ్గర తిత్తి తనంతట తాను గాలి పీల్చదు. కమ్మరి లాగితే ఉబ్బుతుంది, నొక్కితే గాలి వదులుతుంది. ఊపిరితిత్తులూ అంతే. గాలిని లోపలికి లాక్కునే కండరాలు వాటికి లేవు.

లాగే పని ప్రధానంగా డయాఫ్రంది. ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులా ఉండే ఈ కండరం బిగుసుకున్నప్పుడు కిందికి దిగుతుంది. పక్కటెముకల మధ్య కండరాలు ఛాతీని పైకి, బయటికి ఎత్తుతాయి. లోపలి జాగా పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. వదిలేటప్పుడు మామూలుగా శ్రమే ఉండదు. సాగిన రబ్బరు వెనక్కి వచ్చినట్లు ఊపిరితిత్తులు ముడుచుకుంటాయి.

ఉబ్బసంలో తలకిందులయ్యేది ఈ శ్రమ లెక్కే. సన్నని గొట్టాల చుట్టూ కండరాలు బిగుసుకుని, గోడలు వాచిపోతాయి. ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీతో పాటు గొట్టాలూ కొంత తెరుచుకుంటాయి కానీ, వదిలేటప్పుడు మూసుకుపోతాయి. గాలి లోపల చిక్కుకుంటుంది. పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడే వినిపించేది ఇందుకే. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వేలమంది బారులు తీరతారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనేందుకు శాస్త్రీయ ఆధారం లేదు. మరోవైపు, మైక్రోగ్రాముల మోతాదులో మందును నేరుగా వాచిన గొట్టాల దగ్గరికే చేర్చే ఇన్‌హేలర్‌ను 'అలవాటైపోతుంది' అని పక్కన పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. మాత్ర రూపంలో అదే ఫలితం రావాలంటే, మందు ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరాలి, మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి.

ముప్పావు సెకను మార్పిడి

గొట్టాల చివర్న ద్రాక్ష గుత్తుల్లా ఉండేవి వాయుగోణులు. ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి సుమారు 30 నుంచి 50 కోట్లు ఉంటాయి. వాటన్నింటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. అంటే నగరంలో చిన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అంత.

ఆ ఫ్లాట్ నేల మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఒకవైపు గాలి, మరోవైపు రక్తం. ఎర్ర రక్తకణం ఈ గోడ పక్కన గడిపేది సుమారు ముప్పావు సెకను. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఆక్సిజన్ నింపుకోవడానికి పావు సెకను చాలు. మిగిలిన అర సెకను మిగులే. పరుగెత్తినప్పుడు రక్తం వేగంగా పారినా ఇబ్బంది రాకుండా కాపాడేది ఈ మిగులు. కానీ జబ్బును చాలాకాలం దాచిపెట్టేదీ ఇదే. సిలికా దుమ్ము పీల్చిన రాతి క్వారీ కార్మికుల ఊపిరితిత్తులు కొంత దెబ్బతిన్నా, కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. మెట్లెక్కితే వచ్చే ఆయాసమే మొదటి ఆనవాలు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ గోడలో పంపు లేదు, తలుపు లేదు. ఆక్సిజన్‌ను పట్టి లోపలికి నెట్టే యంత్రాంగమేదీ లేదు. ఒత్తిడి ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపు వాయువు వెళ్లిపోతుంది, అంతే. గాలిలో ఆక్సిజన్ ఎక్కువ ఉంటే రక్తంలోకి వస్తుంది. గాలిలో తక్కువైతే, రక్తం నుంచి బయటికీ పోతుంది.

వాయుగోణులు ఊపిరి వదిలినప్పుడు అతుక్కుపోకుండా లోపల సర్ఫాక్టెంట్ అనే పలుచని పూత ఉంటుంది. గర్భంలో చివరి వారాల్లోగానీ అది సరిపడా తయారుకాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ప్రతి ఊపిరికీ యుద్ధం చేసేది ఆ పూత లేకే. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెన్నెడీ కుమారుడు 1963 ఆగస్టులో పుట్టిన రెండు రోజులకే ఈ సమస్యతో చనిపోయాడు. ముందస్తు ప్రసవం తప్పదని తెలిస్తే తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు, పుట్టాక బిడ్డ ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్ మందు ఇవ్వడం ఇప్పుడు సాధారణ వైద్యం.

రక్తంలోకి వచ్చిన ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఒక్కో అణువుకు నాలుగు ఆక్సిజన్ అణువులు ఎక్కుతాయి. అయితే కార్బన్ మోనాక్సైడ్ ఎదురైతే హిమోగ్లోబిన్ దానికే 200 రెట్లకు పైగా ఎక్కువ మొగ్గు చూపుతుంది. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాలు తీసేది ఇలాగే. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఊపిరి ఆడనట్లు కూడా అనిపించదు. మామూలు పల్స్ ఆక్సీమీటర్ దాన్ని ఆక్సిజన్‌గానే పొరబడి మంచి అంకె చూపిస్తుంది.

శరీరం ఆక్సిజన్‌ను దాచుకోలేదు. తిండి లేకుండా వారాలు, నీళ్లు లేకుండా కొన్ని రోజులు గడపొచ్చు. ఆక్సిజన్ నిల్వ మాత్రం ఊపిరితిత్తులు, రక్తం, కండరాలు అన్నీ కలిపి సుమారు ఒకటిన్నర లీటర్లు. ఊరికే కూర్చున్నా నిమిషానికి పావు లీటరు ఖర్చవుతుంది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగినప్పుడు 11 మంది రోగులు చనిపోయారు. అప్పటికే జబ్బుపడిన ఊపిరితిత్తులకు కొన్ని నిమిషాల ఆలస్యం కూడా ఎందుకు మోయలేనిదో ఈ లెక్క చెబుతుంది.

ఊపిరి వేగాన్ని నిర్ణయించేది ఎవరు?

మెదడు కింది భాగంలో, వెన్నుపాముతో కలిసే చోట మెడుల్లా ఉంటుంది. నిద్రలోనూ ఊపిరి ఆగకుండా చూసేది అదే. ఎంత వేగంగా, ఎంత లోతుగా అన్నది నిర్ణయించడానికి అది ముఖ్యంగా చూసేది కార్బన్ డయాక్సైడ్‌ను. ఈ సంగతిని బ్రిటన్ శాస్త్రవేత్తలు జాన్ స్కాట్ హాల్డేన్, జె.జి. ప్రీస్ట్‌లీ 1905లో నిరూపించారు.

కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిస్తే ఆమ్లం పుడుతుంది. రక్తంలో అది కాస్త పెరిగినా మెదడు చుట్టూ ఉండే ద్రవం ఆమ్లం వైపు జరుగుతుంది. అక్కడి కణాలు వెంటనే పసిగట్టి ఊపిరి వేగం పెంచుతాయి. ఆయాసంగా, ఉక్కిరిబిక్కిరిగా, 'ఊపిరి అందడం లేదు' అన్నట్లు అనిపించేది చాలావరకు ఈ సంకేతం వల్లే.

ఆక్సిజన్‌ను చూసే కాపలాదారులు అసలు లేరని కాదు. మెడలో రెండు వైపులా పెద్ద ధమనులు చీలే చోట కెరోటిడ్ బాడీలు అనే చిన్న కణాల ముద్దలు ఉంటాయి. వీటి గుట్టు విప్పినందుకే బెల్జియం శాస్త్రవేత్త కోర్నెయి హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. అయితే ఇవి గట్టిగా మోగేది రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి మామూలుగా ఉండే 95 నుంచి సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసానికి పడిపోయాకే. ఆక్సీమీటర్ భాషలో చెప్పాలంటే 90 శాతం దగ్గర. ఆ అంకె తర్వాత దారి నిట్టనిలువు పల్లం. 98 నుంచి 90కి రావడానికి ఒత్తిడి చాలా పడిపోవాలి. 90 నుంచి 75కు జారడానికి మరికొంత చాలు.

ప్రకృతి ఇలా ఎందుకు అమర్చింది? మామూలు జీవితంలో ఈ రెండూ కలిసే మారతాయి. గొంతు నొక్కితే, నీట మునిగితే, ముక్కు మూస్తే ఆక్సిజన్ తగ్గడమూ కార్బన్ డయాక్సైడ్ పెరగడమూ ఒకేసారి జరుగుతాయి. ఒకదాన్ని కనిపెట్టి ఉంటే చాలు. ఆ రెంటినీ విడదీసే చోట్లు, అంటే లోతైన మురుగు కాల్వలు, మూసిన ట్యాంకులు, విమానం ఎగిరే ఎత్తులు, మనిషి తర్వాత కట్టుకున్నవి, చేరుకున్నవి.

ఈ రెంటినీ విడదీసే పని ఒక్కోసారి కుర్రాళ్లు సరదాగా చేస్తుంటారు. బావిలోనో, చెరువులోనో ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో పందెం వేసి, మునిగే ముందు గబగబా పదిసార్లు లోతుగా ఊపిరి తీసుకుంటారు. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. పైకి రమ్మని చెప్పాల్సిన సంకేతం ఆలస్యమవుతుంది. ఈలోపే ఆక్సిజన్ అయిపోయి నీటిలోనే స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్లే ఇలా పోతుంటారు.

2021లో మోగని గంట

కోవిడ్ రెండో వేవ్‌లో వైద్యులను కలవరపెట్టిన దృశ్యం ఇది. ఆక్సిజన్ 80 శాతానికి పడిపోయిన రోగి మంచం మీద కూర్చుని మామూలుగా మాట్లాడుతుంటాడు. దీన్ని సైలెంట్ హైపాక్సియా అన్నారు. కొందరు 'హ్యాపీ హైపాక్సియా' అనీ రాశారు, ఆ మాట ఎవరికి తట్టిందో గానీ.

కారణం ఆ పలుచని గోడ దగ్గరే ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఆ గోడను ఆక్సిజన్ కన్నా సుమారు 20 రెట్లు సులువుగా దాటుతుంది. వాయుగోణుల్లో కొన్ని నీరు పట్టి మూసుకుపోయినా, మిగిలినవాటి నుంచి అది బయటకు పోతూనే ఉంటుంది. ఆక్సిజన్‌కు ఆ వెసులుబాటు లేదు. దాంతో ఒకటి పడిపోతున్నా రెండోది పెరగదు. గంట మోగదు.

ఆ కొన్ని నెలల్లో దేశంలోని ఇళ్లలోకి వచ్చిన పల్స్ ఆక్సీమీటర్, ఒక రకంగా శరీరానికి లేని ఆ గంట. వేలి గుండా ఎరుపు, పరారుణ కాంతులను పంపి, ఆక్సిజన్ ఎక్కిన రక్తం, ఎక్కని రక్తం వాటిని ఎంతెంత పీల్చుకుంటున్నాయో అది లెక్కేస్తుంది. ఈ సూత్రాన్ని 1970ల మొదట్లో జపాన్ ఇంజినీర్ టకువో అవోయాగి కనుగొన్నారు. ఆయన 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఆ పరికరం కోసం వెతుకుతున్న రోజుల్లోనే కన్నుమూశారు.

దానికీ ఒక లోపం ఉంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో అది ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపించే అవకాశం ఉందని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం గుర్తుచేసింది. దక్షిణాసియాలో ఇది చిన్న విషయం కాదు. 94 కన్నా తగ్గితే జాగ్రత్తపడాలన్న సూచనతో పాటు, ఆరు నిమిషాలు నడిచాక అంకె ఎంత పడుతోందో చూడమని వైద్యులు చెప్పింది, ఒక్క అంకెను నమ్ముకోవద్దనే.

బోర్లా పడుకోమన్న సలహా వెనకా ఇదే శరీర నిర్మాణం ఉంది. ఊపిరితిత్తుల కణజాలంలో ఎక్కువ భాగం వీపు వైపు ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే దాని మీద గుండె, పొట్ట బరువు పడుతుంది. తిరగబడితే ఆ భాగం తెరుచుకుంటుంది.

ఎత్తు మీద రెండు సంకేతాల గొడవ

కొండ ఎక్కేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, అది 21 గానే ఉంటుంది. తగ్గేది ఒత్తిడి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో అది సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. 8,849 మీటర్ల ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతు. 2014 మేలో 13 ఏళ్లకే ఆ శిఖరం ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ సహా, చాలామంది పర్వతారోహకులు ఆక్సిజన్ సిలిండర్ల సాయంతోనే అక్కడికి చేరతారు.

ఎత్తు మీద కెరోటిడ్ బాడీలు ఊపిరి వేగం పెంచమంటాయి. వేగం పెరిగితే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గగానే మెడుల్లా 'ఇక చాలు' అంటుంది. మొదటి కొన్ని రాత్రులు నిద్రలో ఊపిరి గబగబా ఆడి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్లీ ఉలిక్కిపడినట్లు మొదలయ్యేది ఈ గొడవ వల్లే. మూత్రపిండాలు రక్తంలోని క్షార గుణాన్ని సరిచేసేసరికి కొన్ని రోజులు పడుతుంది. సముద్ర తీరపు ఊళ్ల నుంచి వెళ్లి, హెలికాప్టర్‌లో నిమిషాల్లో దాదాపు 3,600 మీటర్ల ఎత్తున్న కేదార్‌నాథ్‌లో దిగే యాత్రికులకు ఆ రోజులు దొరకవు. తలనొప్పి, వాంతులతో ఆగితే విశ్రాంతి తీసుకోవచ్చు. కూర్చున్నా ఆయాసం తగ్గకుండా, నురగతో దగ్గు వస్తే మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్న గుర్తు. దానికి మొదటి మందు వెంటనే కిందికి దించడమే.

రెండు ఊపిరుల్లో కుప్పకూలడం

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులు అందులోనే పడిపోయారు. దారిన పోతున్న ఓ ఆటోడ్రైవర్ వారిని కాపాడేందుకు దిగారు. ముగ్గురూ చనిపోయారు. ఇలాంటి వార్తల్లో ఊరు మారుతుంది, సంఖ్య మారుతుంది, వరస మాత్రం మారదు. ఒకరు దిగుతారు, పడిపోతారు. ఒకరి వెనక ఒకరుగా కాపాడబోయినవారూ దిగుతారు.

'ఊపిరి బిగపట్టుకుని ఒక్క నిమిషంలో లాగేస్తా' అనుకుని దిగే మనిషి లెక్క ఎక్కడ తప్పుతుంది? ఊపిరి బిగపట్టినప్పుడు ఊపిరితిత్తుల నిండా మంచి గాలి ఉంటుంది, అది కొంతసేపు పనికొస్తుంది. కానీ బరువు లాగే కండరాలకు ఆక్సిజన్ అవసరం కొన్ని రెట్లు పెరుగుతుంది. అరనిమిషం కాకముందే ఊపిరి తీయక తప్పదు. తీసిన ఆ ఊపిరిలో ఆక్సిజన్ లేకపోతే, అప్పటిదాకా ఉన్న మంచి గాలి కూడా కడిగేసినట్లు పోతుంది.

ఇక్కడే ఆ పంపు లేని గోడ సంగతి గుర్తుచేసుకోవాలి. ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు వచ్చే రక్తంలో ఇంకా 75 శాతం దాకా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది. వాయుగోణుల్లో అంతకన్నా తక్కువ ఒత్తిడి ఉంటే ఆ మిగిలింది కూడా రక్తం నుంచి గాలిలోకి వెళ్లిపోతుంది. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను తీసుకోవడం మాని, బయటికి తోడేయడం మొదలుపెడతాయి. ఎంత లోతుగా ఊపిరి తీస్తే అంత వేగంగా. ఆ రక్తం కొద్ది సెకన్లలో మెదడుకు చేరుతుంది. అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ ప్రతి ఊపిరితో మామూలుగానే బయటికి పోతుంటుంది. ఉక్కిరిబిక్కిరి అనిపించదు, అరవాలని తోచదు. ఆక్సిజన్ దాదాపు లేని గాలిలో స్పృహ తప్పడానికి రెండు మూడు ఊపిరులు చాలు.

మురుగులో దీనికి హైడ్రోజన్ సల్ఫైడ్ తోడవుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఈ వాయువు, కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుకుంటుంది. కొద్ది మోతాదులో ముక్కు పసిగడుతుంది. 100 పీపీఎం దాటితే వాసన తెలిపే నాడులే మొద్దుబారతాయి. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

పొలాల్లోని పాత బావులదీ ఇంచుమించు ఇదే కథ. ఆకులు అలములు కుళ్లి అడుగున కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది, అది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్లు తోడటానికి బావి లోపల డీజిల్ ఇంజిన్ పెట్టి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. పెద్దలు బావిలోకి దిగేముందు తాడు కట్టి వెలిగించిన లాంతరు దించి చూసేవారు. దీపం ఆరిపోతే దిగేవారు కాదు. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గితే మంట నిలవదు కాబట్టి ఆ పరీక్షలో అర్థం ఉంది. కానీ మనిషిని చంపగలిగేంత కార్బన్ మోనాక్సైడ్‌లో, హైడ్రోజన్ సల్ఫైడ్‌లో దీపం హాయిగా వెలుగుతుంది. మీథేన్ ఉన్న మురుగు గుంతలోకి మంట దించితే పేలుతుంది. ఇప్పుడు వాడాల్సింది ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు నాలుగింటినీ కొలిచే చేతి పరికరం. దాన్ని పైన, మధ్యలో, అడుగున దించి చూడాలి, ఎందుకంటే ఒక్కో వాయువు ఒక్కో లోతులో ఉంటుంది.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కోజికోడ్ ఘటన తర్వాత కేరళ యువ ఇంజినీర్లు కొందరు బ్యాండికూట్ అనే రోబోను తయారుచేశారు. ఇరుకు వీధుల్లోకి వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017 నుంచి వాడుతోంది. యంత్రం ఉన్న ఊళ్లోనూ ప్రైవేటు అపార్ట్‌మెంటు, హోటల్ సెప్టిక్ ట్యాంకుల దగ్గరికి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మనిషినే పిలుస్తారు.

పక్కన ఎవరైనా అలా పడిపోతే చేయాల్సిన పని కష్టమైనదే: దిగకపోవడం. లోపలి మనిషికి తాడు కట్టి ఉంటే పైనుంచే లాగాలి. లేకపోతే బ్లోయర్‌తో గానీ, ఎయిర్ కంప్రెసర్ గొట్టంతో గానీ లోపలికి మామూలు గాలి పంపుతూ, 101కు లేదా 112కు ఫోన్ చేసి, సొంత గాలి సిలిండర్ వీపున కట్టుకుని దిగగల అగ్నిమాపక సిబ్బంది కోసం ఆగాలి. ముఖానికి తడి గుడ్డ కట్టుకున్నా, కరోనా నాటి మాస్కు పెట్టుకున్నా ఉపయోగం లేదు. అవి దుమ్మును ఆపుతాయి, లేని ఆక్సిజన్‌ను ఇవ్వవు.